నేరముల లెక్కయు ఊరి క్షేమమును: ఒక సంవాదము

వెలిగొండలకు తూర్పుగా, మెట్టపొలముల నడుమ నున్న హనుమంతునిపాడులో సాయంవేళ నలుగురు కూడినచోట వాన మాటయు, ఎండిన బోరుల మాటయు, హైదరాబాదు బెంగుళూరులకు పనులకు పోయిన కుటుంబముల మాటయు ఒక కొలిక్కి వచ్చిన పిమ్మట తప్పక వచ్చునది పిల్లల ఉద్యోగముల మాట. నర్సింగు ముగించిన ఒక యువతికి చీరాలలోని ప్రైవేటు ఆసుపత్రిలో కొలువు దొరికినది; రాత్రి డ్యూటీలు గలవు; ఒంటరిగా హాస్టలులో నుండవలెను. పంపుటయా, మానుటయా యని నిశ్చయింపలేని తండ్రి ఇద్దరు పెద్దలను సలహా యడిగెను. వారిలో ఒకరు ఉన్నత పాఠశాలలో గణితము బోధించి విరమించిన అయ్యవారు. అంకెలలోనికి దిగని మాటను ఆయన తుదిమాటగా నొప్పుకొనరు. రెండవవారు పోలీసు స్టేషనులలో రైటరుగా పనిచేసి విశ్రాంతి గొన్నవారు. అంకెలు పుట్టుచోటును చూచినవారగుటచేత వానికి తొందరపడి నమస్కరింపరు. వారిరువురకును జరిగిన వాదము ఒక యింటి సమస్యను దాటిపోయినది గావున దాని నిచ్చట పొందుపరచుచున్నాను.

అయ్యవారు: నాయనా, బిడ్డను పరాయి ఊరికి పంపు తండ్రి జీతముకంటె ముందుగా చూడవలసినది క్షేమము. ఆ క్షేమమును గూర్చి బంధువులు చెప్పు కథలకంటెను, టీవీలలో రేయింబవళ్లు తిరుగు వార్తలకంటెను నమ్మదగినది లెక్క. దేశములోని నేరములపై 1953వ సంవత్సరము మొదలు ఏటేట ఒక గ్రంథము వెలువడుచున్నది; 1986లో నేర నమోదుల జాతీయ సంస్థ యేర్పడిన నాటినుండి ఆ పని దాని చేతిలో నున్నది. 2022లో దేశమంతట నమోదైన కేసులు 58 లక్షలు దాటినవి. లక్ష జనాభాకు 422 చొప్పున తేలినవి. అంతకు ముందటి యేట అది 446కు దగ్గరగా నుండెను. ఇట్లే ఊరూరికిని లక్షకింతయని కట్టి, హెచ్చుగా నున్నచోట హెచ్చు జాగ్రత్తను, తక్కువగా నున్నచోట తక్కువ భయమును ఉంచుకొనుట వివేకుల పద్ధతి. రైలుమార్గము, సముద్రతీరము, మగ్గములు, పొగాకు వ్యాపారము, నలుదిక్కుల నుండి వచ్చిపోవు జనము, ఇన్ని యున్న చీరాలలో మన మండలములోకంటె కేసులు హెచ్చుగా నుండుట సహజము. కనుక ఆ బిడ్డ కనిగిరిలోనో పొదిలిలోనో పని చూచుకొనుట మేలని నా యభిప్రాయము.

రైటరు: అయ్యవారూ, ప్రతి స్టేషనులోను జనవరి ఒకటవ తేదీన క్రైమ్ నంబరు ఒకటితో మొదలగును. ఆ నంబరు పడినది మాత్రమే మీ గ్రంథములోనికి ప్రయాణము చేయును. పడనిది ఈ లోకములో జరుగనే లేదు. ఇక ఆ నంబరు ఎట్లు పడునో వినుడు. ఒక రాత్రి పొలములో ట్రాన్స్‌ఫార్మరును దింపి, నూనె పారబోసి, లోపలి రాగితీగను దొంగలు చుట్టుకొనిపోదురు. తెల్లవారుసరికి ఆ లైనుక్రింద పైరుపెట్టిన రైతులందరును స్టేషను అరుగుమీద నుందురు. ఏలన, పోలీసు కాగితము చేతబట్టుకొని పోనిదే క్రొత్త ట్రాన్స్‌ఫార్మరు కదలదు. ఆ రాత్రియే అదే ఊరిలో ఒకడు త్రాగి వచ్చి భార్య చేయి విరుచును. ఆమె మా వద్దకు రాదు. పుట్టింటివారు వత్తురు, పెద్దమనుషులు కూర్చుందురు, ఇకమీదట బుద్ధిగా నుందునని వానిచేత తెల్లకాగితముమీద వ్రేలిముద్ర వేయింతురు, కట్టు కట్టించిన ఖర్చు ఎవరు పెట్టుకొనవలెనో తేల్తురు. ఆ యేటి లెక్కలో రాగితీగకు ఒక అంకె గలదు. విరిగిన చేతికి లేదు. మన మండలము నెమ్మదిగా నున్నదని మీరు చూపు అంకె అట్టిది.

అయ్యవారు: కొన్ని కేసులు నమోదు గాకుండుట నేనెరుగనిది కాదు. కాని చట్టము నిలిచినచోటనే నిలువలేదు గదా! 2013 నవంబరు 12న లలితకుమారి వ్యాజ్యములో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము, వారంటు లేకయే అరెస్టు చేయదగిన నేరమును గూర్చి సమాచారము వచ్చినచో ఎఫ్.ఐ.ఆర్. వ్రాయుట పోలీసువారి యిష్టాయిష్టములకు సంబంధించినది కాదనియు, తప్పనిసరి విధియనియు తీర్పు చెప్పినది. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన నాగరిక సురక్షా సంహితలోని 173వ సెక్షను ప్రకారము నేరము ఏ స్టేషను హద్దులో జరిగినను ఏ స్టేషనులోనైనను ఫిర్యాదు చేయవచ్చును. ఇంటనుండియే ఎలక్ట్రానిక్ సాధనములద్వారా పంపి, మూడు దినములలో సంతకము చేయవచ్చును. ఇన్ని తలుపులు తెరచిన పిమ్మట గూడ లెక్క నమ్మరానిదనుట అన్యాయము.

రైటరు: తలుపులు తెరచుట యథార్థమే. తెరచినచోటనెల్ల లెక్క పెరుగుననుటయు అంతే యథార్థము. కేరళ రాష్ట్రములో లక్షకు నమోదగు కేసులు దేశపు సగటుకంటె చాల హెచ్చు; అంతమాత్రమున మలయాళీలు మనకంటె దుర్మార్గులని మీరును అనరు, నేనును అనను. అక్కడ సామాన్యుడు స్టేషనులోనికి పోయి నిలువబడి అడుగగలడు. మీరు ప్రమాణముగా దెచ్చిన గ్రంథమే, నమోదులు పెరుగుటను నేరములు పెరుగుటగా భ్రమపడవలదని పాఠకులను హెచ్చరించుచున్నది. మరియొక విచిత్రము గూడ అందు గలదు. ఒక యింటిలో దొంగలు పడి, గృహస్థుని చంపి, స్త్రీల నగలు దోచుకొనిపోయిన యెడల ఒకే ఎఫ్.ఐ.ఆర్.లో ఇన్ని సెక్షనులున్నను, అన్నింటిలోను ఘోరమైన హత్య యొక్కటే లెక్కకు వచ్చును. పుస్తకమునకు అదియొక సౌకర్యము. ఆ యింటివారికి మాత్రము జరిగినవి మూడును జరిగినవే.

మన ప్రాంతపు సంగతియే యొకటి చెప్పెదను. కనిగిరి, పొదిలి, దర్శి తాలూకాలు నెల్లూరు జిల్లాలో నున్న దినములలో మన పల్లెల నూతినీరు త్రాగినవారి పండ్లు గారలు కట్టుటయు, నడివయసుననే నడుములు బిగిసి వంగిపోవుటయు తరతరములుగా నున్నదే. 1937లో వైద్యులు ఆ జిల్లా పల్లెలకు పోయి పరీక్షించి, అది ఫ్లోరైడు వలని వ్యాధియని ప్రకటించిరి. అంతకు ముందటి యేట లెక్కలో దానికి చోటు లేదు. 1936లో ఎవరైన అంకెలను జూచి కాపురమునకు ఊరు వెదకికొని యుండినచో, మన సీమను మించిన ఆరోగ్యస్థానము లేదని బండి గట్టించుకొని వచ్చియుందురు.

అయ్యవారు: రైటరుగారూ, మీ యుదాహరణము మీ పక్షమునకంటె నా పక్షమునకే హెచ్చుగా నుపకరించుచున్నది. ఆ వైద్యులు లెక్కించిరి గనుకనే అది ముసలితనమో, పూర్వజన్మ పాపమో కాదని తేలినది; లెక్కించిరి గనుకనే రక్షితజలము కావలెనని అడుగుటకు మనకొక హక్కు వచ్చినది. ఏండ్లు గడచినను ఆ నీటికై మన యూళ్లు ఇంకను అడుగుచునే యున్నవన్నది వేరొక దుఃఖము. కాని అడుగువాని చేతిలోని కాగితము ఆ లెక్కయే. లెక్కలో లోపమున్నప్పుడు సవరింపవలెను. ఇంగ్లండు దేశమున 1982 నుండి ప్రభుత్వము వారు ఇండ్లకు పోయి, గడచిన సంవత్సరములో మీకేమి జరిగినది, పోలీసులతో చెప్పితిరా లేదా యని యడిగి వేరుగా నొక లెక్క గట్టుచున్నారు. స్టేషనులలో వ్రాసినదానికంటె ఇండ్లలో విన్నది చాల హెచ్చుగా తేలినది. మీ విరిగిన చేయి ఆ లెక్కలోనికి వచ్చును. అంకె చాలనిచోట మరియొక అంకెను దేవలెను గాని, అంకెలను విడిచి ఊహలమీద బ్రదుకరాదు.

రైటరు: ఆ వైద్యులు ఆసుపత్రి బల్లముందు కూర్చుండి రోగులు వత్తురని కాచుకొనలేదు, పల్లెలకు పోయిరి, ఆ యింగ్లండువారు ఇండ్లకు పోయిరి. పోయి యడిగిన లెక్కకు నేను తలయొగ్గెదను. కూర్చున్నచోటికి వచ్చినవారిని లెక్కించి, రానివారు సుఖముగా నున్నారని వ్రాయు లెక్కను గూర్చియే నా యాక్షేపణ.

ఇంతవరకు మౌనముగా విన్న గృహస్థు నడుమ నొక మాట యడిగెను.

గృహస్థు: అయ్యా, ఈ లెక్కల సంగతి నాకు తెలియదు. చీరాల పేరు చెప్పగానే మా బంధువులందరును, ఆ ప్రక్కననే స్టువర్టుపురము గలదు గదా, అది దొంగల ఊరు గదా, అనుచున్నారు. ఆ మాట వినినప్పటినుండి ఇంటిదానికి నిద్ర పట్టుటలేదు.

అయ్యవారు: చూచితిరా! అంకె లేనిచోట రాజ్యమేలునది ఇదియే. తీరమున బాపట్లకును చీరాలకును నడుమ రైలుదారిప్రక్కన నున్న ఒక గ్రామముపై నూరేండ్ల క్రిందట పడిన మచ్చను జనులు నేటికిని చెరుపరు. 1991లో ఆ ఊరి పేరుతో సినిమాలు వచ్చినవి; 2023లో ఆ ఊరి దొంగగా పేరుపడిన టైగర్ నాగేశ్వరరావు కథ మరల తెరకెక్కినది. చూచివచ్చినవారు నేటి కాలేజీ విద్యార్థులను, ఉపాధ్యాయులను, రైతులను గూడ ఆ తెరలోనుండి దిగివచ్చినవారినిగా తలంతురు. ఈ అపవాదును కొట్టివేయవలెనన్న ఈనాటి లెక్కను వారి ముందుంచుటకంటె వేరు మార్గమేమున్నది?

రైటరు: అయ్యవారూ, ఆ మచ్చ పుకారువలన పుట్టలేదు. లెక్క పుస్తకములోనుండియే పుట్టినది. ఆ ఊరివారైన ఎరుకలవారు ఒకప్పుడు తీరపు ఉప్పును గాడిదలమీద, ఎద్దులమీద లోపలిసీమకు చేర్చి ధాన్యమునకు మార్చుకొని బ్రదికిన సంచార వర్తకులు. ఉప్పుపై ప్రభుత్వము పట్టు బిగించుటచేతను, రైళ్లు వచ్చి సరుకు నెత్తుకొనిపోవుటచేతను వారి వర్తకము కూలినది. పని పోయి తిరుగుచున్నవారిని చూచి ప్రభుత్వము జాలిపడలేదు, అనుమానపడినది. ఉత్తరదేశమున 1871లో చేసిన నేరస్థజాతుల చట్టమును 1911లో మన మద్రాసు రాజధానికిని విస్తరింపజేసిరి. 1913 ప్రాంతమున సాల్వేషన్ ఆర్మీవారి నిర్వహణలో ఆ నివాసమును నెలకొల్పి, గవర్నరు కార్యనిర్వాహక సభలోని హెరాల్డ్ స్టువర్టు పేరు దానికి పెట్టిరి. చీరాల పొగాకు కర్మాగారమునకు అక్కడినుండియే కూలీలు పోయిరి.

ఇక లెక్క సంగతి. ఆ చట్టము క్రింద పేరెక్కినవాడు వ్రేలిముద్రలిచ్చి, నియమించిన వేళకు హాజరీ పలుకవలెను. సెలవుచీటి లేక హద్దు దాటరాదు. కూతురు ప్రసవవేదనలో నున్నదని పొరుగూరికి పోయి హాజరీకి అందనివాడును నేరస్థుడే. వానిపై ఒక కేసు. ఏడాది చివర ఇట్టి కేసులన్నియు గూడి, చూడుడు, ఈ జాతిలో నేరము ఎంత హెచ్చుగా నున్నదో యని నివేదిక వెలువడును. ఆ నివేదిక చేతబట్టుకొని హాజరీని మరింత బిగింతురు. 1952 ఆగస్టు 31న దేశమంతట ఆ చట్టము రద్దయినది. కాని దాని స్థానమున వచ్చిన అలవాటు నేరస్థుల చట్టములును, స్టేషనులలోని అనుమానితుల జాబితాలును ఆ పాత పుస్తకములోని పేర్లను వెంటనే వదలలేదు. ఎక్కడ దొంగతనము జరిగినను జీపు ముందుగా ఎవరి గడపకు పోవునో, పట్టుబడినవారి సంఖ్య అక్కడనే పెరుగును. ఇక ఆ అంకె నిష్పక్షపాతమని ఎట్లందును?

అయ్యవారు: పేరెక్కించుకొని పీడించుటకు వ్రాసిన పుస్తకమును, ప్రజలకు తెలియజెప్పుటకు వ్రాసిన పుస్తకమును ఒకే గాటకట్టరాదు. అయినను ఒక మాట ఒప్పుకొందును: హాజరీ తప్పినవానిని, హత్య చేసినవానిని కలిపి కూడిన మొత్తము గణితశాస్త్రమునకే అవమానము. 1995లో మన రాష్ట్రమున సంపూర్ణ మద్యనిషేధము వచ్చినప్పుడు ముందటి దినమువరకు లైసెన్సుతో సాగిన అమ్మకము మరునాడు నేరమైనది. అట్టి యేట కేసులు పెరిగినవని స్త్రీల క్షేమము తగ్గినదనువాడు, 1992లో మన ప్రక్క నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా దుకాణమునెదుట నిలిచిన స్త్రీలను మరచినవాడు. కనుక మొత్తమును విడగొట్టవలెను. ఆడుపిల్లను పంపువానికి పేకాట కేసులతో పనిలేదు. త్రోవలో వెంటబడుట, పనిచోట వేధించుట, దాడి, ఇవి ఎన్నియని వేరుగా అడుగవలెను.

రైటరు: ఇప్పుడు మనము కొంత దగ్గరకు వచ్చితిమి. స్టువర్టుపురము కథకు ముగింపు గూడ ఈ పిల్ల బంధువులకు చెప్పుడు. జాషువాగారి కుమార్తె హేమలతయు, ఆమె భర్త లవణంగారును 1970వ దశకమున ఆ గ్రామమునకు పోయి, వారితో కూర్చుండి, పిల్లలను బడికి పంపించి, సంస్కార్ అను సంస్థద్వారా ఏండ్లతరబడి పనిచేసిరి. కేసులు తగ్గించుటకు వారు మరికొందరు కానిస్టేబుళ్లను వేయుడని కోరలేదు. భూమి, చదువు, పని, మాటకు విలువ, ఇవి కోరిరి.

అయ్యవారు: సరే. మరి 2024 జూన్ నెలలో చీరాల ప్రక్కన ఈపూరుపాలెములో ఒక యువతికి జరిగిన ఘోరమును ఏమందురు? తెల్లవారుజామున ఇంటినుండి బయటికి వచ్చిన బిడ్డను చెరచి చంపిరి. రాష్ట్రమంతయు అట్టుడికినది. నేను అంకెలవాడనే, అయినను ఆ వార్త చదివిన నాడు నా మనుమరాలిని బడినుండి నేనే పోయి తీసికొనివచ్చితిని.

రైటరు: ఆ దుఃఖమును అంకెతో కప్పుటకు నాకు నోరు రాదు. కాని మీరు గణితము చెప్పినవారు. ఆ వార్తనుబట్టి ఆ పట్టణమును తూచుట సమంజసమేనా? మీరే చెప్పుడు.

అయ్యవారు: సమంజసము కాదు. కారణము చెప్పెదను. 2022లో దేశమున హత్యలు లక్ష జనాభాకు 2.1 చొప్పున జరిగినవి. ఇరువదివేలమంది గల ఊరొకటి యనుకొందము. ఆ ఊర ఒక యేట ఒక్క హత్య జరిగినచో లక్షకు అయిదు చొప్పున తేలును. అనగా దేశపు సగటునకు రెండింతలకు మించినది. మరుసటి యేట జరుగకపోయినచో సున్న. ఒక యేట భయంకర నగరము, మరుయేట పుణ్యక్షేత్రము. ఊరు మాత్రము ఉన్నట్లే యున్నది, వీధులు మారలేదు, మనుష్యులు మారలేదు. చిన్న జనాభాపై గట్టిన రేటు ఇట్లే ఎగిరిపడును. పది, పదిహేనేండ్ల లెక్కను కలిపి చూడనిదే దానినుండి యేమియు గ్రహింపరాదు. మరియొక చిక్కు గలదు. ఆదివారమునాడు వాడరేవునకు, రామాపురమునకు గుంటూరు, నరసరావుపేట మొదలగు చోట్లనుండి వచ్చు జనమంతయు ఆ తీరముననే తగవులాడుదురు, పర్సులు పోగొట్టుకొందురు. కేసులు అక్కడ నమోదగును. భాగించునప్పుడు మాత్రము అక్కడ కాపురమున్న జనాభాతోనే భాగింతురు. విహారస్థలముల రేటు ఈ విధముగా నిజముకంటె పెద్దదగును.

రైటరు: వాడరేవు మాట వచ్చినది గనుక చెప్పుచున్నాను. మన మెట్టసీమ పిల్లలకు ఆ తీరమున నిజమైన గండము దొంగ కాదు, నీరు. చెరువులో ఈదినవాడు గూడ సముద్రములో మునుగును. ఏలన, ఒడ్డున మోకాలిలోతు నీటిలో నిలిచియుండగనే కాలిక్రింది యిసుక జారి, వెనుకకు మరలు కెరటము లోనికి లాగికొనిపోవును. జాలరులు పోవలదన్నచోటికి సెల్ఫీలకై పోయి మునిగిన విద్యార్థుల వార్త లేని వేసవి ఉండుట అరుదు. పోలీసువారు ఈలలు వేయుచు ఒడ్డున నిలుతురు. ఒక్కొక్కప్పుడు కొన్నాళ్లు తీరమునే మూయుదురు. ఆ మరణములు మీ నేరముల గ్రంథములో నుండవు. అవి ప్రమాద మరణములు, ఆత్మహత్యల గ్రంథములో నుండును; అది వేరొక పుస్తకము. క్షేమమును నేరముల పుస్తకములో వెదకువాడు తన బిడ్డకు హెచ్చుగా జెప్పవలసిన జాగ్రత్తను చదువనే చదువడు.

అయ్యవారు: ఆ రెండవ పుస్తకమును గూడ చదువుమనియే నేనందును. కాని నా మొదటి మాటను నేనింకను విడువలేదు. మన ఊరిలో ఒక పిల్ల బస్సు దిగి ఇంటికి నడచునప్పుడు అరుగులమీద నుండువారందరకు ఆమె ఎవరి బిడ్డయో తెలియును. ఆ తెలియుటయే ఒక కావలి. చీరాల చరిత్రయే దీనికి సాక్ష్యము. 1919లో చీరాల పేరాలలను గలిపి మునిసిపాలిటీ చేసి, సుమారు నాలుగువేలుండిన పన్నును నలుబదివేలకు పెంచినప్పుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున జనులు 1921లో ఊరు విడిచి రామనగరమున పందిళ్లు వేసికొని సుమారు పదునొకండు నెలలుండిరి. తలుపులకు గడియలైన లేని ఆ పాకలను కాచినదెవరు? గోపాలకృష్ణయ్యగారి స్వచ్ఛందసేవకుల దళమగు రామదండు. ఒకరినొకరు ఎరిగిన మనుష్యులు.

రైటరు: రామదండును మీరు తలచుట మంచిదైనది. వారు ఎరిగినవారగుటవలన కాచలేదు. కాచుట తమ విధియని పూనినవారగుటవలన కాచిరి. వారికి దుస్తులుండెను, వంతులుండెను, తప్పుచేసినచో నిలదీయుటకు ఒక నాయకుడుండెను. ఆ యేటి మార్చిలో బెజవాడ కాంగ్రెసు సభలకు వచ్చిన జనసమ్మర్దమును అదుపులో నుంచినదియు వారే. అక్కడ వచ్చినవారిలో ఎందరు వారికి తెలిసినవారు? ఎరుకకును విధికిని భేదము గలదు. మన అరుగులమీది ఎరుక ఎటువంటిదో నేను చూచినాను. నేను పనిచేసిన ఒక స్టేషనునకు పరాయి ఊరి కూలి యొకడు వచ్చి, మోతుబరి కొడుకు కొట్టినాడని చెప్పినాడు. వాని వెనుకనే అరుగులమీది వారందరును వచ్చి, మా పిల్లవాడు అట్టివాడు కాదు, మాకు తెలియును, అనిరి. అందరకు అందరును తెలియుటచేత ఆ కూలికి ఆ ఊరిలో సాక్షి దొరకలేదు. ఎరిగినవారికి క్షేమము, ఎరుగనివారికి మౌనము. దానిని మనము నెమ్మదియని పిలుచుచున్నాము. పరాయి మనిషి పెద్దమనుషుల తోడు లేకుండ పోయి, తనకు జరిగినది చెప్పి, వ్రాయించి, వ్రాసినదాని నకలు చేతికి తీసికొని రాగల ఊరే నా దృష్టిలో క్షేమమైన ఊరు. ఆ పిల్ల చీరాలలో పరాయిదియే గదా!

అయ్యవారు: ఎరుకకు విధి తోడుకావలెనన్నచో నాకు విరోధము లేదు. ఎరుక అక్కరలేదన్నచో ఒప్పుకొనను. రాత్రి పన్నెండింటికి స్టేషను తలుపు ఎంత బాగుగా తెరచియున్నను, వీధిలో ఒక తెలిసిన ముఖము చేయు మేలు అది చేయజాలదు.

గృహస్థు: అయ్యలారా, మీ యిద్దరి మాటలును నాకు న్యాయముగనే తోచుచున్నవి. రేపు చీరాలకు పోయి నేను ఏమి అడుగవలెనో అది చెప్పుడు.

రైటరు: ఊరిలో దొంగతనములు ఎన్నియని యడుగవలదు, ఎవరును నిజము చెప్పరు, చెప్పినను నీకు పనికిరాదు. ఆసుపత్రికి పోయి, రాత్రి డ్యూటీ ఎన్ని గంటలకు ముగియును, ముగిసిన పిమ్మట హాస్టలుకు బండి పెట్టుదురా, నడచిపొమ్మందురా యని యడుగుము. ఆ త్రోవను పగలు కాక, ఆ వేళకే నీవు నడచి చూడుము; ఎన్ని దీపములు వెలుగుచున్నవో, ఎన్ని దుకాణములు తెరచియుండునో చూడుము. పదిమందియు అంతకు మించియు పనిచేయు ప్రతి చోటను వేధింపుల ఫిర్యాదులు వినుటకు అంతర్గత సంఘముండవలెనని 2013లో చట్టము చేసిరి. ఆ సంఘములో ఎవరున్నారో, వారి పేర్లు గోడమీద వ్రాసియున్నవో లేవో చూడుము. పాత నర్సులతో మీ అమ్మాయిని ఒంటరిగా మాటలాడనిమ్ము. వారు నీతో చెప్పనిది ఆమెతో చెప్పుదురు. 112, 181 అను నంబరులు ఆమె ఫోనులో నుండవలెను. తిరిగివచ్చునప్పుడు స్టేషనులోనికి పోయి, మా బిడ్డ ఈ ఊరికి వచ్చుచున్నది, అవసరమైనచో ఎవరిని కలియవలెనని యడుగుము. వారు నిన్ను కూర్చుండుమనిరా, ఎవరి తాలూకు వాడవనిరా, దానినిబట్టి నీకు సగము తెలియును.

అయ్యవారు: అడిగిన ప్రతి ప్రశ్నకును వచ్చిన సమాధానమును కాగితముమీద వ్రాసికొని రమ్ము. దీపములెన్ని, నిమిషములెన్ని, పేర్లెన్ని, అన్నియు వ్రాయుము. కనిగిరిలోని ఆసుపత్రికిని పోయి అవే ప్రశ్నలడుగుము. రెండు కాగితములను ప్రక్కప్రక్కన పెట్టి చూచిన పిమ్మట, నేను చీరాల వలదన్న మాటను నిలుపుకొందునో మార్చుకొందునో చెప్పెదను. రైటరుగారూ, నవ్వవలదు, మీరు చెప్పినవన్నియు వ్రాసినచో అదియు లెక్కయే యగును.

రైటరు: అగును, అయ్యవారూ. కాని ఆ లెక్కను పోయి యడిగినవాడు తండ్రి. సమాధానము చెప్పినవారికి పేర్లున్నవి. తప్పని తేలినచో నిలదీయుటకు మనకొక మనిషి యుండును. ఢిల్లీనుండి వచ్చు పుస్తకమునకు గూడ ఆ మూడును కూర్చిన నాడు దానిని నేనే తెప్పించుకొని చదివెదను.